అల్లుడుగారి కూతుళ్లు

ప్రయోగశాల, రెండో అంతస్తు, కిటికీ పక్క బల్ల
సోమవారం

ప్రియమైన వదినా,

ఈ ఉత్తరాన్ని రక్తం సీసాల ఐస్ పెట్టె మూతకి లోపలివైపు అంటించి పంపుతున్నాను. తడిసి అక్షరాలు అలుక్కుపోతే వ్యాను డ్రైవర్‌ని తిట్టకు, తప్పు నాదే. ఫోన్ చేయొచ్చుగా అంటావు. మొన్న చేశాను కదా. "రక్తం తీయాలి వదినా" అన్నానో లేదో, "ఎవరికే, ఏమైందే!" అని నీ కేక, వెనక నుంచి అన్నయ్య "ఎవరు పోయారు?" అని ఇంకో కేక, మధ్యలో కోళ్ల గోల. ఇలాంటివి రాసి చెప్పడమే మంచిదని అప్పుడే అనుకున్నాను. పైగా షెడ్డులోకి ఫోను తేకూడదని రూలు పెట్టింది నేనే. బయటి మురికి లోపలికి మోసుకొచ్చే వస్తువుల్లో ఫోనుని మించింది లేదు.

విషయం ఇది. నీ నల్లకోళ్ల వంశాన్ని తీసుకుని, పిల్లలు చేయించి, నలుగురికీ పంచుతామని కోళ్ల అభివృద్ధి కేంద్రం వాళ్లు అన్నారు కదా. ఆ జబ్బు సంవత్సరంలో షెడ్డంతా ఖాళీ అయితే, మిగిలిన గుప్పెడు కోళ్ల నుంచి నువ్వు పెంచుకొచ్చిన మంద అది. ఊరికే తీసుకోరు. జబ్బుతో పోట్లాడే కణాలు వాటి ఒంట్లో సరిగ్గా ఉన్నాయో లేదో పరీక్ష చేయించాలి. ఆ పరీక్ష మా ల్యాబుకొచ్చింది, మా ల్యాబులో నా బల్ల మీదికొచ్చింది. సొంత వదిన కోళ్లని నేను పరీక్షించడం న్యాయమేనా అని కొన్నాళ్లు నాలో నేను నలిగి, చివరికి మా పెద్ద మేడమ్‌ని అడిగాను. "నువ్వు వదినకి బంధువువి, కోళ్లకి కాదుగా?" అన్నారు. అంతటితో చర్చ ముగిసింది.

ఎలా చూస్తారే అని అడుగుతావు కాబట్టి ముందే చెప్పేస్తాను. రక్తంలో తెల్లకణాలన్నీ చూడటానికి దాదాపు ఒక్కలాగే ఉంటాయి, బస్టాండులో జనంలాగా. మొహం చూసి ఎవరి ఉద్యోగం ఏంటో చెప్పలేం. కానీ ప్రతి కణం పైపొర మీదా దాని పనిని బట్టి ఒక గుర్తు ఉంటుంది, చొక్కాకి పెట్టుకున్న బ్యాడ్జీ అనుకో. ఒక బ్యాడ్జీ ఉన్నవి టి కణాలు. వీటిలో కొన్ని పెత్తనం చేసేవి, కొన్ని నేరుగా కొట్లాటకి దిగేవి. ఇంకో బ్యాడ్జీ ఉన్నవి బి కణాలు. జబ్బు మీద ప్రయోగించే యాంటీబాడీలు తయారుచేసేది ఇవే. మా దగ్గర చిన్న చిన్న సీసాల్లో మందులుంటాయి. ఒక్కో మందూ ఒక్కో బ్యాడ్జీకే వెళ్లి అతుక్కుంటుంది, దానికి మెరిసే రంగు తగిలించి ఉంటుంది. రక్తంలో అది కలిపి, ఒక యంత్రంలో కణాల్ని టికెట్ గేటు దాటించినట్టు ఒక్కొక్కటిగా దాటిస్తాం. మెరిసింది లెక్కకొస్తుంది. తెర మీద చుక్కల గుంపులు లేస్తాయి. నేను రోజంతా ఆ చుక్కల్ని చూసి జీతం తీసుకుంటాను.

నువ్వు సంతోషించే మాట ఒకటి. బి కణాల్లో ఆ 'బి' కోడి పుణ్యమే. కోడి తోక కింద బర్సా అని ఒక చిన్న సంచి ఉంటుంది. ఆ కణాలు పెరిగేది అందులోనే అని మొదట కోళ్లలోనే కనిపెట్టారు. ఇప్పుడు మనుషుల డాక్టర్లు కూడా అదే అక్షరం వాడుకుంటున్నారు.

పశువైద్యుడు వచ్చి రెక్క కింద నరం నుంచి కాస్త రక్తం తీస్తాడు. నువ్వు పట్టుకుంటే చాలు. ఏ సీసా ఏ కోడిదో కాలి ఉంగరం రంగూ నంబరూ రాయి. సరిగ్గా రాశావో లేదో ఒకసారి చూసుకో. రెండుసార్లు చూసుకుంటే ఇంకా మంచిది.

నీ
మరదలు


కోళ్ల షెడ్డు, దాణా గది
ఆదివారం

ఏమే మరదలు పిల్లా,

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. తోక కింద సంచి దగ్గర ఆపించి మళ్లీ చదవమన్నాడు. ప్రపంచంలో డాక్టర్లంతా మన కోడి వెనకభాగం పేరు చెప్పుకుని బతుకుతున్నారన్నమాట అని ఆ పూటంతా మీసం మెలేసుకుంటూ తిరిగాడు. తన మోటార్ల షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. ఒకాయన ఫ్యాను బాగుచేయించుకుందామని వచ్చి, ఈ కథంతా విని, ఫ్యాను ఇక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. భయపడ్డాడేమో.

రక్తం తీయించాం. కోళ్లు ఒక్కటీ కిక్కురుమనలేదు. మీ అన్నయ్య మాత్రం మొదటి చుక్క చూడగానే కళ్లు తిరిగి దాణా బస్తా మీద కూలబడ్డాడు. పశువైద్యుడు పాపం ఎటు పరిగెత్తాలో తెలియక సూది పట్టుకుని నిలబడ్డాడు. "ముందు కోడి సంగతి చూడండి, ఆయన ఎక్కడికీ పోడు" అన్నాను.

ఉంగరాల రంగులు రాశాను. ఒక్కసారే రాశాను, ఒక్కసారే చూసుకున్నాను. నేను నీలాగా కాదు. నేనీ ఇంటికొచ్చినప్పుడు నువ్వు బడి పిల్లవి. తలుపుకి తాళం వేసి, వీధి చివరిదాకా వెళ్లి, వెనక్కొచ్చి తాళం లాగి చూసేదానివి. ఒకరోజు అలా లాగి లాగి తాళమే ఊడదీశావు. ఇప్పుడు అదే గుణానికి జీతం ఇస్తున్నారంటే ఎవరి అదృష్టం వాళ్లది.

మీ అల్లుడుగారి క్షేమ సమాచారాలు కూడా రాయాలిగా. ల్యాబులో రిటైరయ్యాడు, చంపడానికి మనసొప్పట్లేదు అని నువ్వు తెచ్చి నా నెత్తిన పెట్టిన తెల్లపుంజు బ్రహ్మాండంగా ఉన్నాడు. నలగ్గొట్టిన మొక్కజొన్న తప్ప ముట్టడు. ఎండ తగిలితే నడవడు. కూయడం కూడా మానేశాడు, పక్కింటి పుంజు కూస్తే బాగుందన్నట్టు తల ఊపుతాడు. మీ అన్నయ్య "బాబుగారు భోంచేశారా" అని అడిగిగానీ అన్నానికి కూర్చోడు. ఇంత మర్యాదకి బదులుగా ఆయన చేసిన పని ఒక్కటే, నా నల్లపెట్టల్లో కొన్నిటికి కూతుళ్లని ప్రసాదించాడు. తెల్లటి ఒంటి మీద సిరా చిలకరించినట్టు చుక్కలు. చూడముచ్చటగా ఉంటాయిలే. వాటి రక్తం కూడా మందతో పాటే పంపాను.

పరీక్ష త్వరగా కానిచ్చేయ్. కేంద్రం వాళ్లు నా కోళ్లని తీసుకెళ్లే రోజున వాటిలో ఒకదాన్ని ఎత్తుకుని నేనూ వ్యానెక్కి ఆ గేటుదాకా వెళ్లాలని ఉంది. ఇంతవరకూ నేను పెంచినవన్నీ తినడానికే వెళ్లాయి. బతకడానికి వెళ్లేవి ఎలా వెళ్తాయో చూడాలి.

నీ
వదిన


ప్రయోగశాల
మంగళవారం

వదినా,

రక్తం చక్కగా అందింది. డ్రైవర్ జాగ్రత్తగానే తెచ్చాడు.

అదే కోళ్ల దగ్గర ఇంకోసారి రక్తం తీయించగలవా? కంగారేం లేదు. మొదటి సీసాలు ఎండకేమైనా వేడెక్కాయేమోనని. నల్లవాటిలో ఈమధ్య ఏదైనా నలతగా ఉందా? తిండి సరిగ్గా తింటున్నాయా? గుడ్లు మామూలుగానే పెడుతున్నాయా? పిల్లలు త్వరగా చచ్చిపోవడంలాంటిదేమైనా ఉందా? నీళ్లు ఎక్కడివి? షెడ్డుకి కొత్తగా ఏ మందైనా చల్లించారా?

ఊరికే అడుగుతున్నాను.

నీ
మరదలు


కోళ్ల షెడ్డు, దాణా గది
ఆదివారం

ఏమే,

ఊరికే అడుగుతున్నానని రాసిన మనిషి ఊరికే అడగదు. చిన్న కాగితం నిండా ప్రశ్నలు, ఒక్క జోకు లేదు, అల్లుడుగారి ఊసే లేదు. మీ అన్నయ్యకి చూపిస్తే, "మా చెల్లెలు ఇంత తక్కువ రాసిందంటే ఏదో పెద్ద విషయమే" అన్నాడు. ఆయన కూడా కనిపెట్టాడంటే నీ దాపరికం ఎంత గొప్పగా ఉందో చూసుకో.

రక్తం మళ్లీ పంపుతున్నాను. నలత లేదు. తింటున్నాయి, నా చెప్పుల పట్టీ కూడా తినేశాయి. గుడ్లు పెడుతున్నాయి. పిల్లలు నిక్షేపంగా ఉన్నాయి. నీళ్లు బావివే. మందేం చల్లలేదు.

ఇప్పుడు నా ప్రశ్న ఒక్కటే. ఏమైంది?

నువ్వు మర్చిపోయి ఉండవు, అయినా చెప్తున్నాను. ఆ జబ్బు వచ్చినప్పుడు పొద్దున్నే షెడ్డు తలుపు తీస్తే ఒక్క చప్పుడు లేదు. అన్ని కోళ్లున్న చోట చప్పుడు లేకపోతే ఎలా ఉంటుందో రాయడం నాకు చేతకాదు. నడుస్తుంటే కాళ్లకి తగిలేవి. మూల దాణా తొట్టి వెనక ఏదో కదిలింది. నల్లవి, గుప్పెడు. ఒకదాని మీద ఒకటి ఎక్కి నన్నే చూస్తున్నాయి, ఇంత ఆలస్యంగానా వచ్చేది అన్నట్టు. ఇప్పుడున్న నల్లమందంతా వాటి సంతానమే. కోళ్ల మీద మమకారం పెట్టుకునే మనిషిని కాదు నేను, నీకు తెలుసు. ఈ మంద మీద పెట్టుకున్నాను.

కాబట్టి నసగకుండా చెప్పు.

వదిన


ప్రయోగశాల, కిటికీ పక్క బల్ల
శుక్రవారం

వదినా,

నసగకుండా చెప్తున్నాను. నీ నల్లకోళ్ల రక్తంలో బి కణాలు కనిపించలేదు. తక్కువగా ఉండటం కాదు, ఒక్కటీ లేదు. తెర మీద ఆ గుంపు ఉండాల్సిన చోటు తుడిచేసిన పలకలా ఉంది.

మొదట యంత్రాన్ని అనుమానించాను. మా ల్యాబు తెల్లకోళ్ల రక్తం పెడితే చుక్కలు చక్కగా లేచాయి. తర్వాత నీ సీసాలు పాడయ్యాయనుకున్నాను. అదే రక్తంలో టి కణాలు దివ్యంగా మెరిశాయి. అప్పుడు నా చెయ్యిని అనుమానించి మేడమ్‌ని చేయమన్నాను. ఆవిడకీ అదే వచ్చింది. రెండోసారి పంపిన రక్తంలోనూ అంతే. పసుపు ఉంగరాలున్న కొన్ని కోళ్లకి మాత్రం అన్నీ సవ్యంగా ఉన్నాయి. నల్లమందలో మిగతా దేనికీ లేవు.

మేడమ్ నా భుజం పట్టుకుని, "ఇలాంటి కోడిని ఇంతవరకూ ఎవరూ చూడలేదు. నీ పేరు మొదట పెట్టి పేపరు రాద్దాం" అన్నారు. మరి ఆ కోళ్లు బతికి ఎలా ఉన్నాయని అడిగాను. నీ షెడ్డు శుభ్రంగా ఉండబట్టే అన్నారు. నమ్మాను. వింత ఏంటంటే వదినా, ఆ తర్వాత నాకింక అనుమానమే రాలేదు. తాళం వేసి వెనక్కి చూడకుండా వెళ్లిపోయినట్టుంది. ఖచ్చితంగా ఉండటం ఇంత హాయిగా ఉంటుందా? నువ్వు రోజూ ఇలాగే ఉంటావా?

ఆ హాయి ఎవరి ఖర్చు మీదో నాకు తెలుసు. అందుకే ఇన్నాళ్లూ రాయలేకపోయాను. కేంద్రం వాళ్ల షరతు నువ్వు చదివే సంతకం పెట్టావు. ఇలాంటి లోపం ఉన్న మంద తేలితే దాన్ని ఉంచకూడదు. వాటి ఒంట్లో ఏ జబ్బైనా తిష్ట వేసి, చుట్టుపక్కల షెడ్లన్నిటికీ పాకొచ్చు. ఆ పొద్దు నువ్వు చూసిన షెడ్డుని ఇంకొకరు చూడాల్సి వస్తుంది. ల్యాబుకి కొన్ని కావాలి, కానీ కావాల్సింది వాటి లోపలి భాగాలే. నెల మొదటి సోమవారంలోగా పని పూర్తికావాలి. పశువైద్యుడికి చెప్పాను, నువ్వు చేయనక్కర్లేదు. పసుపు ఉంగరాలవి నీ దగ్గరే ఉంచుకో.

క్షమించు అని రాస్తే చిన్నదైపోతుంది. ఇంకేం రాయాలో తోచడం లేదు.

నీ
మరదలు


కోళ్ల షెడ్డు
ఆదివారం

గౌరవనీయులైన శాస్త్రవేత్త గారికి,

తమరి నివేదిక అందింది. ఖచ్చితంగా ఉండటం హాయిగానే ఉంటుందండి. మేం రోజూ అలాగే ఉంటాం.

షరతు మీద సంతకం పెట్టింది నేనే కాబట్టి చెప్పినట్టే జరుగుతుంది. నేను ఒక మాట అనుకుంటే అంతే, తమరికి తెలియంది కాదు. తమరి ల్యాబుకి కావాల్సిన భాగాల కోసం ఐస్ పెట్టె శుభ్రంగా కడిగి ఉంచాను.

తమరు పాస్ చేసిన పసుపు ఉంగరాలు ఎవరివో చూశాను. అన్నీ అల్లుడుగారి కూతుళ్లే. పెద్దింటి సంబంధం కదా, పాసవకుండా ఎలా ఉంటాయి? మా వైపు వాళ్లే పనికిమాలినవాళ్లని తేలింది. సంతోషం.

దీంతోపాటు ఒక అట్ట గుడ్లు పంపుతున్నాను. అన్నీ నల్లవాటివే. పనికిరాని కోళ్ల గుడ్లు ఎలా ఉంటాయో మీరూ మీ మేడమ్ గారూ తిని చూడండి. నిన్నా మొన్నా పెట్టినవే, ఎండలో పెట్టకండి, ఫ్రిజ్‌లోనూ పెట్టకండి, రుచి పోతుంది.

ఇట్లు,
కోళ్ల యజమానురాలు


ప్రయోగశాల
గురువారం

వదినా, ఆపు. ఒక్క కోడి మీద కూడా చెయ్యి పడనివ్వకు.

పొద్దున్నుంచీ ఫోన్ చేస్తున్నాను, ఎత్తవు. అన్నయ్య ఎత్తి, "ఇప్పుడు మాట్లాడే పరిస్థితి లేదమ్మా, నా నెత్తి మీద ఒకటి కూర్చుంది" అని పెట్టేశాడు. ఏం కూర్చుందో అర్థం కాలేదు. నేనే రావాలి, కానీ ల్యాబు కోళ్లని ముట్టుకున్న చేతులతో ఇంకో షెడ్డు గడప తొక్కకూడదు. ఇవాళ వ్యాను రోజు కాదు, డ్రైవర్‌ని కాళ్లావేళ్లా పడి పంపిస్తున్నాను. ఆయన ఎదురుగానే చదివి, ఆపానని నోటితో చెప్పి పంపు.

ఏం జరిగిందంటే, నీ ఉత్తరం చదివి నాకూ ఒళ్లు మండింది. తినమంది కదా, తింటాను అని పెనం పెట్టాను. గుడ్డు గిన్నెలోకి కొట్టి, ఉప్పు పట్టుకుని, అలాగే నిలబడిపోయాను. పచ్చసొన నన్ను చూస్తోంది. తల్లికోడి తన యాంటీబాడీల్ని పిల్లకి అందించేది పచ్చసొనలోనే కదా. నేను చదువుకున్న మొదటి పాఠాల్లో ఒకటది. యాంటీబాడీలు తయారుచేసేది బి కణాలు. మరి బి కణాలే లేని కోడి పెట్టిన గుడ్డులో అవి ఉండకూడదు.

పొయ్యి ఆర్పేసి గిన్నె పట్టుకుని ల్యాబుకి పరిగెత్తాను. ఒక్క గుడ్డు చాలదని ఇంకొన్ని పగలగొట్టాను. సొన పరీక్షలో పెడితే రంగు తిరిగింది వదినా, చిక్కగా! మా తెల్లకోళ్ల సొనకి ఏమాత్రం తీసిపోలేదు. ఈ పరీక్ష నీ కోళ్ల రక్తంతో ఎప్పుడో చేసి ఉండాల్సింది. మాలో ఎవరికీ తట్టలేదు. చుక్కలు కనిపించలేదు కాబట్టి కణాలు లేవనేసుకున్నాం.

అప్పుడు నీ ఉత్తరం మళ్లీ తీశాను. పాసైనవన్నీ అల్లుడుగారి కూతుళ్లే అన్నావు, నన్ను పొడవడానికి. అల్లుడుగారు ఎక్కడివాడు? మా ల్యాబువాడు. బి కణాల బ్యాడ్జీకి అతుక్కునే ఆ మందు ఎలా పుట్టింది? మేడమ్ చిన్న వయసులో, ఈ ల్యాబు తెల్లకోళ్ల కణాల్ని ఎలుకకి ఎక్కించి, ఆ ఎలుక ఒంట్లోంచి తీసి తయారుచేశారు. పనిచేస్తుందో లేదో చూసిందీ తెల్లకోళ్ల మీదే. అప్పట్నుంచీ ఇప్పటిదాకా మేం వాడిందీ వాటి మీదే. ఒకే కంపెనీ బ్యాడ్జీ చూసి చూసి అలవాటైన వాచ్‌మన్ అనుకో. అంచు కాస్త వేరుగా ఉన్న బ్యాడ్జీ పెట్టుకుని నీ నల్లకోళ్ల బి కణాలు గేటు దాటిపోతుంటే, ఎవరూ రాలేదండీ అన్నాడు. అల్లుడుగారి కూతుళ్లకి తండ్రి బ్యాడ్జీ కూడా వచ్చింది కాబట్టి సలాం కొట్టాడు.

ఇదంతా నిజమేనా అంటే ఇంకా చెప్పలేను. రెండు రకాల బ్యాడ్జీనీ గుర్తుపట్టే మందు ఇంకో ల్యాబులో ఉందట, అది వస్తేగానీ తేలదు. నాకు అనుమానంగా ఉంది వదినా. అందుకే ఆపమంటున్నాను.

మేడమ్‌కి ఇంకా చెప్పలేదు. ఇప్పుడు వెళ్తున్నాను. ఆవిడ జీవితమంతా ఆ సీసా.

మరదలు


మోటార్ల షాపు (షెడ్డు కాదు, ఎందుకో చెప్తాను)
ఆదివారం

ఏమే పిచ్చిపిల్లా,

డ్రైవర్ చెప్పే ఉంటాడు. ఆపానని చెప్పి పంపాను. అసలు మొదలుపెట్టలేదన్న మాట మాత్రం వాడికి చెప్పలేదు.

నీకు ఆ కోపం ఉత్తరం రాసిన రోజే నల్లవాటన్నిటినీ గంపల్లో పెట్టి షాపులోకి మార్పించాను. పశువైద్యుడు బుధవారం వస్తే మీ అన్నయ్యని ముందుకి తోశాను. అబద్ధం చెప్పమంటే ఆయనకి ఏం తోచిందో, "కోళ్లు ఊరెళ్లాయండీ" అన్నాడు. ఆ డాక్టరు ఆయన్ని కిందనుంచి పైదాకా చూసి, "ఎప్పుడొస్తాయి?" అని అడిగి వెళ్లిపోయాడు. మంచివాడు.

షాపు సంగతి చెప్తే నవ్వుతావు. రాగితీగ చుట్టల్లో గుడ్లు పెడుతున్నాయి. బాగుచేసిన ఫ్యాను ఇచ్చి పంపిస్తే, ఇంటికెళ్లాక డబ్బాలో గుడ్డు దొరికిందని ఒకావిడ తిరిగొచ్చింది. తిట్టడానికేమో అనుకున్నాను. ఇంకో ఫ్యాను బాగుచేయించుకోవాలంది. నువ్వు ఫోన్ చేసినప్పుడు మీ అన్నయ్య నెత్తి మీద కూర్చున్నది ముసలి నల్లపెట్ట, ఆ రోజు తొట్టి వెనక నుంచి నన్ను చూసినవాటిలో అదొకటి. ఫోను మోగుతూనే ఉందని నాకూ తెలుసు. పని అయిపోయిందా అని అడుగుతావేమోనని ఎత్తలేదు.

నేను ఒక మాట అనుకుంటే అంతేనని రాశాను కదా. ఈసారి అనుకోలేకపోయాను. నువ్వు చెప్పావంటే నిజమే అయి ఉంటుంది, పక్క షెడ్లకి జబ్బు పాకితే ఆ పాపం నాదే అని ఒకవైపు. ఇంత నిక్షేపంగా ఉన్నవాటిలో ఏదో లేదంటావు, అదేం లెక్క అని ఇంకోవైపు. గంపలు షెడ్డులోకి తేవడం, మళ్లీ షాపులోకి మార్చడం. అటు తిరిగి పడుకుంటే అది నిజం, ఇటు తిరిగితే ఇది నిజం. నువ్వు రోజూ ఇలాగే ఉంటావా? ఎలా బతుకుతున్నావే?

ఇంకో సంగతి. ఆ గుడ్లు నిన్ను తినమని పంపలేదు. ఫ్రిజ్‌లో పెట్టొద్దని ఎందుకు రాశాననుకున్నావు? రుచి కోసమా? చల్లబడితే పిల్ల రాదు. మీ ల్యాబులో పొదిగే పెట్టె ఉందని ఎప్పుడో చెప్పావు. కొత్త సబ్బు కొంటే రెండు రోజులు వాసన చూసిగానీ వాడని మనిషివి, నేను తినమన్నంత మాత్రాన తింటావా? చేతిలో పట్టుకుని ఆలోచిస్తావు. ఆలోచిస్తే ఏదో ఒకటి చేస్తావు. షాపులో ఉన్నవి దొరికిపోయినా, వంశం నీ దగ్గర మిగులుతుందని నా ఆశ. నోరు తెరిచి అడిగితే నీ ఉద్యోగానికి ఏమవుతుందో, అందుకని తిట్టి పంపాను.

నువ్వేమో పగలగొట్టావు! మిగతావేం చేశావు? నిజం చెప్పు, తినేశావా?

మీ మేడమ్ ఏమన్నారు? ఆవిడకి గుడ్లు పంపనా? ఈసారి తినడానికే.

నీ
వదిన


ప్రయోగశాల, కిటికీ పక్క బల్ల
వాన పడుతున్న సోమవారం

వదినా,

ఇన్నాళ్లు జవాబు రాయనిది దాచడానికి కాదు. సరే, కొంచెం దాచడానికే.

ముందు మేడమ్ సంగతి. నేను చెప్తున్నంతసేపూ కిటికీలోంచి బయటికి చూశారు. తర్వాత లేచి, ఫ్రిజ్‌లోంచి ఆ సీసా తీసి అరచేతిలో పెట్టుకుని కూర్చున్నారు. "ఇది నాకెప్పుడూ తప్పు చెప్పలేదు" అన్నారు. సీసాని అటూ ఇటూ తిప్పి, "తప్పు చెప్పే అవకాశమే నేను దానికివ్వలేదు" అన్నారు. ఇంకో ల్యాబుకి ఫోన్ చేసి రెండో మందు తెప్పించింది కూడా ఆవిడే. వచ్చిన రోజున నన్ను ముట్టుకోనివ్వలేదు. నీ నల్లకోళ్ల రక్తం మళ్లీ తెప్పించాం కదా, ఆ సీసాలన్నీ తనే కలిపారు. మొదటిది యంత్రంలోకి వెళ్లింది. తుడిచేసిన పలక మీద చుక్కలు లేచాయి వదినా. ఒకటి, పది, గుంపు, సంత! తర్వాతిదీ అంతే. నీ మందలో ఒక్కటి కూడా తప్పలేదు. మేడమ్ కుర్చీలో వెనక్కి వాలి, "నీ పెద్ద పేపరు పోయింది, చిన్న పేపరు మిగిలింది. మనం గుర్తుపట్టలేకపోయిన దాని గురించి" అన్నారు. మొదట ఆవిడ పేరే పెట్టమన్నారు, తప్పు తనది కాబట్టి.

మర్నాడు వచ్చేసరికి పాత సీసా మీద కొత్త చీటీ ఉంది. మేడమ్ చేతిరాతతో, "తెల్లకోళ్లకు మాత్రమే."

కేంద్రానికి కొత్త నివేదిక వెళ్లింది. వాళ్లు ఒప్పుకున్నారు. వచ్చే వారం మందని తీసుకెళ్తారు. ఒకదాన్ని ఎత్తుకుని నువ్వు వ్యానులో ముందు సీట్లో కూర్చోవచ్చని డ్రైవర్‌తో మాట్లాడాను. ముసలి నల్లపెట్టని ఎత్తుకో. అది అన్నయ్య నెత్తి దిగితే.

ఎలా బతుకుతున్నావని అడిగావు. రెండుసార్లు తాళం లాగి చూసుకుంటూ బతుకుతున్నాను. ఈ వ్యవహారంలో లాగి చూడనిది ఒక్కసారే, అదీ హాయిగా ఉందని. నువ్వు మాత్రం ఒక్కసారి లాగి చూశావు. మన ఇద్దరి మధ్యా కోళ్లు బయటపడ్డాయి.

ఇక గుడ్లు. పరీక్షకి కొన్ని పోయాయి. మిగతావి ఏం చేయాలో తెలియక చేతిలో పట్టుకుని ఆలోచించాను, నువ్వు అనుకున్నట్టే. వంటింట్లో పెట్టబుద్ధి కాలేదు. కొన్నాళ్లు ఇక్కడ ఉంటాయిలే అని ఎవరికీ చెప్పకుండా పొదిగే పెట్టెలో పెట్టాను, ఒక పక్కకి. అవి మీ వైపువని మేడమ్‌కి తెలియనక్కర్లేదనుకున్నాను. నిన్న పొద్దున ఆవిడే నన్ను పిలిచి, పెట్టె అద్దంలోంచి చూపిస్తూ, "మన తెల్లకోళ్లకి నల్లపిల్లలు పుట్టాయి. దీనికి ఏ మందు వాడదాం?" అన్నారు. ఆవిడ జోకు వేయగా నేను చూడటం ఇదే మొదటిసారి.

ఈసారి ఐస్ పెట్టెలో ఐస్ లేదు. అడుగున మెత్తటి గుడ్డ పరిచాను. మూతకి చిల్లులు పొడిచాను, చాలవేమోనని ఇంకొన్ని పొడిచాను, దారిలో చలి కొడుతుందేమోనని కొన్నిటికి మళ్లీ దూది పెట్టాను. నెమ్మదిగా తెరువు.

నీ
మరదలు